సంచిలో ఆలుగడ్డ – ఎరువుల ఎంపిక

బంగాళాదుంపకు, అనగా తెలంగాణములో ఆలుగడ్డ అనెడి పంటకు, గుల్లగా ఉండి నీరు నిలువని నేల కావలెను. జహీరాబాదు ప్రాంతమున ఈ పంట బాగుగా పండును. బరువైన నల్లరేగడిలో మాత్రము దుంప సరిగా ఊరదు; తడి ఎక్కువైన విత్తనమే కుళ్ళిపోవును. అట్టి గ్రామములందు ఇంటి వాడుకకు పెరటిలో గోనెసంచులలోనో, అడుగున రంధ్రములు చేసిన పాత డబ్బాలలోనో దీనిని పండించుకొనవచ్చును. మట్టిని మనమే కలుపుకొందుము గనుక నేల ఇబ్బంది తీరును. ఇక చిక్కంతయు ఎరువుతోనే.

పొలములో ఎరువు కొంచెము ఎక్కువైనను చుట్టుప్రక్కల మట్టి సర్దుకొనును. సంచిలో ఆ వెసులుబాటు లేదు. ఒక లెక్క చూడుడు. 60 సెంటీమీటర్ల సాళ్ళలో 20 సెంటీమీటర్ల ఎడముగా నాటిన, ఎకరమునకు సుమారు 33,700 మొక్కలు పట్టును. ఎకరమునకు 60 కిలోల నత్రజని వేసితి మనుకొందము. ఒక్కొక్క మొక్క పాలికి వచ్చునది 2 గ్రాముల లోపే! యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. పిడికెడు యూరియా 35 గ్రాములు తూగిన, అందులో 16 గ్రాముల నత్రజని గలదు. అది ఎనిమిది మొక్కల తిండి. "ఒక్క పిడికెడే గదా" అని చల్లినచో ఆకుల అంచులు మాడిపోవును. లేదా మొక్క ఏపుగా పెరిగి, త్రవ్వి చూచునప్పటికి గోళీలంత దుంపలు మాత్రమే దొరకును.

కనుక సంచికి యూరియా కంటె అమ్మోనియం సల్ఫేటు మేలు. ఇందు నత్రజని నూటికి సుమారు 20 పాళ్ళే యగుటచే చేతి పొరపాటు అంతగా బాధింపదు. గంధకము కూడ లభించును. భాస్వరమునకు సూపర్ ఫాస్ఫేటు వాడవలెను. పొటాషు విషయములో పొలమునకు మ్యూరియేటు చౌక. కాని అందలి క్లోరైడు దుంపలోని పిండి పదార్థమును తగ్గించును, చిన్న సంచిలో ఉప్పు పేరుకొనును. పది సంచులకు కావలసినది ఎంత? ఖరీదు కొంచెము హెచ్చైనను సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కొనుటయే మంచిదని మా అభిప్రాయము.

పొయ్యి బూడిదలో పొటాషు ఉన్నమాట నిజమే. అయితే అది మట్టిలో క్షారగుణమును పెంచును. అట్టి మట్టిలో దుంపలపై గరుకు మచ్చలు తెచ్చు గజ్జి తెగులు హెచ్చును. మాగని పచ్చిపేడ వలనను ఇదే ముప్పు. ఈ రెండును ఆలుగడ్డ సంచికి పనికిరావు.

35 లీటర్ల మట్టి పట్టు సంచిలో మూడు విత్తనపు ముక్కలు చాలును. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి, అందులో 100 గ్రాముల వేపపిండి, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు, 5 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ చేర్చవలెను. రసాయనపు ఎరువు కోసిన ముక్కకు నేరుగా తగులరాదు. తగిలిన ముక్క కుళ్ళును. సంచిని మొదట సగమే నింపి, అక్టోబరు రెండవ పక్షము నుండి నవంబరు లోపల నాటవలెను. దుంప ఊరుటకు రాత్రుల చలి ముఖ్యము.

మొలకెత్తిన వారమునకు 10 గ్రాముల అమ్మోనియం సల్ఫేటును మొక్కల మొదళ్ళకు దూరముగా చల్లి నీరు పోయవలెను. నాటిన 30 రోజులకు మరి 10 గ్రాములు, దానితో మిగిలిన 5 గ్రాముల పొటాషు వేసి, పైన మట్టి నింపవలెను. నత్రజని నీటితో రంధ్రముల గుండా జారిపోవును గనుకనే ఈ విడతలు. 45 రోజుల పిమ్మట నత్రజని వేసిన ఆకే పెరుగును గాని దుంప ఊరదు. ఎండ సోకి పచ్చబడిన దుంప విషపూరితము, తినరాదు. మట్టి నింపుటలో అశ్రద్ధ కూడదు.

సంచి ప్రక్కల తెల్లని ఉప్పు పొర కనిపించిన, ఎరువు ఆపి, నీరు అడుగునుండి ధారాళముగా కారునంతవరకు ఒకసారి పోయవలెను. పంట తీసిన మట్టిలో మరల ఆలుగడ్డగాని, వంగ, మిరప, టమాటాగాని వేయక, దానిని ఆకుకూరల మడికి తరలింపుడు.