ట్రాక్టరు రేడియేటరు: మరమ్మతు చేయించవలెనా, మార్చవలెనా?

వానాకాలములో దమ్ము పని ముమ్మరముగా సాగునప్పుడు ట్రాక్టరు ఒక్క దినము ఆగినను నష్టమే. నారు ముదురును, పిలిచిన కూలీలు వేరొక పొలమునకు పోవుదురు. అందుచేత రేడియేటరు కారుచున్నను “రెండు బిందెల నీరు పోసి సాయంత్రము వరకు నడిపింతము” అని పలువురు తలంతురు. ఆ సాయంత్రములోగా ఇంజను హెడ్డు వంగినను, పిస్టను పట్టివేసినను, చిన్న మరమ్మతుతో పోవలసినది ఇంజను విప్పు వరకు వచ్చును. 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము ద్వారా తెలంగాణలో గ్రామ పంచాయతీలకును ట్రాక్టర్లు సమకూడినవి. కావున ఈ సంగతులు రైతులకే గాక గ్రామాధికారులకును అవసరమైనవి.

రేడియేటరు చేయు పని

ఇంజనులో మండిన డీజిలు వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారును. మిగిలిన దానిలో చాల భాగము పొగగొట్టము ద్వారా, చల్లబరచు నీటి ద్వారా బయటకు పోవలెను. నీటి పంపు వేడినీటిని రేడియేటరుకు పంపును. ఆ నీరు సన్నని గొట్టములలో దిగుచుండగా, వాని నంటియున్న పలుచని రెక్కల గుండా ఫ్యాను గాలిని లాగి చల్లబరచును.

పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెసును చూచినవారు అచ్చటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. 1911లో మరణించిన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొరకు తయారు చేయించిన సింహాసనపు కారు అది. దాని ముందు భాగమున నిలువుగా మెరయుచుండునది కేవలము అలంకారము కాదు, రేడియేటరే. నిజాము కారైనను, నేటి కాలపు ఇల్లువంటి విలాస బస్సైనను, మన ట్రాక్టరైనను నియమమొక్కటే: లోపల నీరు తిరుగవలెను, బయట గాలి ఆడవలెను.

మూత కూడ ముఖ్యమే. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన నున్నందున, ఇచ్చట మూతలేని పాత్రలో నీరు సుమారు 98 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరగును. రేడియేటరు మూత లోపలి పీడనమును పెంచి, నీరు త్వరగా మరగకుండ ఆపును. మూత రబ్బరు చీలినచో మంచి రేడియేటరు కూడ పొంగిపోవును.

ముందు రోగమును గుర్తింపుడు

ఇంజను వేడెక్కినంతనే తప్పు రేడియేటరుదని తలచరాదు. విప్పుటకు ముందు ఈ పరీక్షలు చేయుడు.

1. ఇంజను చల్లారిన పిమ్మట రేడియేటరు వెనుక దీపము పట్టి ముందునుండి చూడుడు. వెలుగు రానిచోట ఊక, పొట్టు, బురద నిండియున్నవి. ఇంజను వైపునుండి ముందు వైపునకు నీరు మెల్లగా కొట్టి కడుగుడు. జోరుగా కొట్టినచో రెక్కలు వంగును. నూనె మరక ఉన్నచో దుమ్ము మరల అంటును. కావున నూనె ఎచ్చటనుండి కారుచున్నదో ముందు చూడవలెను.

2. ఫ్యాను బెల్టు వదులుగా నున్నదేమో, హోసు పైపులు మెత్తబడినవేమో చూడుడు.

3. థర్మోస్టాటును తీసి, వేడినీటిలో వ్రేలాడదీయుడు. నీరు మరుగుటకు చాల ముందే అది తెరచుకొనవలెను. చెడినచో క్రొత్తది వేయుడు. తీసివేసి నడుపుట సరికాదు. ఇంజను తగిన వేడికి రాక, డీజిలు ఎక్కువ త్రాగును.

4. ఇంజను చల్లగా నుండగా మూత తీసి, అప్పుడు ఇంజను నడిపి చూడుడు. నీటిలో బుడగలు ఎడతెగక వచ్చుచున్నచో, లేక నీటిపై నూనె తెట్టు కట్టినచో, తప్పు హెడ్డు గాస్కెట్టులో నుండవచ్చును. ఇట్టి స్థితిలో క్రొత్త రేడియేటరు కొన్నను ఫలితముండదు.

వేడిగా నున్న ఇంజనుపై మూతను ఎన్నడును తీయకూడదు. ఆవిరి ఎగసి ముఖము, చేతులు కాలును. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో హెడ్డు పగులవచ్చును. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మందపు గుడ్డతో మూతను మెల్లగా త్రిప్పుడు.

మరమ్మతా, క్రొత్తదా?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు లోహములో నున్నది. పాత ట్రాక్టర్లలో రాగి, ఇత్తడి రేడియేటర్లు ఎక్కువ. సీసము, తగరము కలిసిన టంకము 200 డిగ్రీల లోపుననే కరగును, రాగి 1085 డిగ్రీల వద్ద గాని కరగదు. కావున గొట్టమునకు హాని లేకుండ చిల్లును పూడ్చవచ్చును. లోపల సున్నము పేరుకొన్నచో, పై తొట్టిని విప్పి, సన్నని రేకుబద్దను గొట్టములలో నడిపి శుభ్రపరుపవచ్చును.

అల్యూమినియముతో చేసి, ప్లాస్టిక్కు తొట్టెలు బిగించిన రేడియేటర్ల సంగతి వేరు. అల్యూమినియముపై ఆక్సైడు పొర యుండుటచే మామూలు టంకము అంటదు. తొట్టె పగిలినచో, దొరికినయెడల తొట్టెను, దాని రబ్బరును మార్చవచ్చును. కోరు చిల్లిపడినచో మార్చుటయే మేలు. చిల్లు పూడ్చు పొడులు, ముద్దలు దారిలో చిక్కిన బండిని ఇల్లు చేర్చుటకే. అవి మంచి గొట్టములను కూడ మూసివేయగలవు.

రాగి రేడియేటరులో ఒకటి రెండు చిల్లులున్నచో మరమ్మతు చేయింపుడు. పదింట ఒకటికి మించి గొట్టములు మూయవలసి వచ్చినను, రెక్కలు పొడియై రాలుచున్నను, ఒకే ఏడు రెండవసారి కారినను కోరు మార్పింపుడు. మరమ్మతు ఖర్చు క్రొత్త కోరు ధరలో సగము దాటినప్పుడును ఇదే లెక్క.

కార్ఖానాలో చూడవలసినవి

మహేశ్వరము వైపు రైతులు చాంద్రాయణగుట్ట మీదుగా పాతబస్తీకి రేడియేటరు తెచ్చినప్పుడు, పని అప్పగించి బజారుకు పోక దగ్గర నుండి చూడవలెను. రేడియేటరును గోనెసంచుల మధ్య నిలువుగా కట్టి తేవలెను. మూతను కూడ వెంట తెండు. ఉస్తాదును ఈ మూడు కోరుడు: టంకము వేయుటకు ముందు, తరువాత కూడ రేడియేటరును నీటి తొట్టిలో ముంచి, తగిన పీడనముతో గాలి పట్టి బుడగలు చూపవలెను, మూసివేసిన గొట్టములెన్నో లెక్క చెప్పవలెను, పైనుండి పోసిన నీరు క్రింద ధారాళముగా వచ్చుట చూపవలెను. టంకపు పొగలో సీసముండవచ్చును గనుక పిల్లలను దగ్గరకు రానీయరాదు.

బిగించిన తరువాత

రేడియేటరు క్రింది రబ్బరు దిండ్లు పాడైనచో మార్చుడు. అవి లేనిచో అదురుకు టంకము మరల విడును. ఫ్యాను చుట్టునున్న రేకును తప్పక బిగింపుడు. నీరు మెల్లగా పోయుచు, ఇంజనును నిదానముగా నడిపి లోపలి గాలిని పోనిండు. ఒక గంట నడిపి, చల్లారిన పిమ్మట మట్టము చూచి, క్లిప్పులు మరల బిగింపుడు.

బోరు నీరు పోయుటయే అనేక రేడియేటర్లకు చేటు. అందలి లవణములు వేడికి విడివడి, గొట్టములలో సున్నపు పొరగా పేరుకొనును. బ్యాటరీకి వాడు శుద్ధజలములో కూలెంటును, ట్రాక్టరు పుస్తకములో చెప్పిన పాళ్ళలో కలిపి పోయుడు. సాధారణముగా అది సగము సగము. ముందే కలిపి అమ్ము కూలెంటులో మరల నీరు కలుపరాదు. ఎక్కువ కూలెంట్లలోనుండు ఇథిలీను గ్లైకాలు తియ్యగా నుండు విషము. దించిన ద్రవమును పిల్లలకు, దూడలకు, కుక్కలకు అందనీయకుడు. కాలువలో పారబోయకుడు.

కూలెంటు మార్చిన తేదీని, రేడియేటరు కడిగిన తేదీని ఒక పుస్తకములో వ్రాయుడు. పంచాయతీ ట్రాక్టరును పలువురు నడుపుదురు గనుక ఆ పుస్తకము మరింత అవసరము. దమ్ము కాలమున ప్రతి ఉదయము ఇంజను చల్లగా నుండగా నీటి మట్టమును, సాయంత్రము రెక్కలను చూచుటకు పది నిముషములు చాలును. ఆ పది నిముషములు లోపించుటచేతనే చాల ట్రాక్టర్లు నాట్ల సమయమున కార్ఖానా ముందు నిలిచియుండును.