మూగవోయిన వాహనం

పాఠ్యభాగ సందర్భం

యంత్రం చెడిపోతే బాగుచేయించుకోవచ్చు. యంత్రం చెక్కుచెదరకుండా ఉండి, అది ఆధారపడిన మార్గమే మూతపడితే ఏమి చేయాలి? గడచిన కొన్నేళ్ళుగా పాత కార్ల యజమానులు ఎదుర్కొంటున్న ఈ చిక్కును కృష్ణా డెల్టాకు చెందిన ఒక కుటుంబ అనుభవం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠ్యభాగం

గుడివాడ నుండి మచిలీపట్నం వెళ్ళే రైలుమార్గంలో గుడ్లవల్లేరు ఒక స్టేషను. చుట్టూ వరిచేలు, కాలువగట్లు, వాటి నడుమ 1998లో వెలసిన ఒక ఇంజనీరింగు కళాశాల. చదువుకున్న బిడ్డ విదేశానికి వెళ్ళని వీధి ఈ ప్రాంతంలో అరుదు. అందువల్ల అమెరికాలో జరిగే వింతలు ఇక్కడి అరుగులమీదికి తొందరగానే చేరుతుంటాయి.

మాకు తెలిసిన ఒక పెద్దాయన నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టు వెంబడి తిరిగి గండ్లు పడకుండా చూడడం ఆయన వృత్తి. ఆయన కుమారుడు అమెరికా ఉత్తర భాగంలో ఉద్యోగం చేస్తున్నాడు. పొదుపరి కావడంచేత ఒకరు వాడి అమ్మిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారును కొనుక్కున్నాడు. 2022 శీతకాలం చివర అతడు తండ్రికి ఫోను చేసి ఇలా అన్నాడు.

"నాన్నా, కారు ఫోనుకు పలకడం మానేసింది."

"చెడిపోయిందా?"

"లేదు, చక్కగా నడుస్తోంది."

"నడిచే బండికి జబ్బేమిటిరా?"

కుమారుడు విషయం వివరించాడు. కారులో ఒక చిన్న రేడియో పరికరం ఉన్నది. అది మూడవ తరం సెల్‌ఫోన్ సంకేతాలతో మాత్రమే మాట్లాడగలదు. ఆ సంకేతాలను పంపే వ్యవస్థను అక్కడి సంస్థలు ఆపివేశాయి. తండ్రి కొంతసేపు ఆలోచించి, "అంటే పైన తలుపు దించేశారన్నమాట. చేను బాగానే ఉంది, బోదె బాగానే ఉంది, నీళ్ళు మాత్రం రావు" అన్నారు.

ఇంజనీరింగు చదవని ఆ లస్కరు చెప్పినంత స్పష్టంగా ఈ సంగతిని చెప్పిన సాంకేతిక వ్యాసాన్ని నేను ఇంతవరకు చదవలేదు.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఏమిటో విద్యార్థులు ముందుగా తెలుసుకోవాలి. ఇందులో విద్యుత్ మోటారు, పెట్రోలు ఇంజను రెండూ ఉంటాయి. ఇంటిగోడకు ఉన్న ప్లగ్గు ద్వారా బ్యాటరీని ఛార్జి చేసుకోవచ్చు. బ్యాటరీలోని శక్తి అయిపోయిన తరువాత పెట్రోలుతో ప్రయాణం సాగుతుంది. 2010 డిసెంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన షెవర్లే వోల్ట్ ఈ కోవలో పేరుపొందిన తొలి కారు. దాని బ్యాటరీ సామర్థ్యం 16 కిలోవాట్-గంటలు. పెట్రోలు చుక్క ఖర్చు కాకుండా దాదాపు 56 కిలోమీటర్లు వెళ్ళగలిగేది. రోజూ కొద్ది దూరం తిరిగేవారికి పెట్రోలు బంకు ముఖం చూడవలసిన అవసరం అంతగా ఉండదు.

ఇటువంటి కారుకు ఫోనుతో అనుబంధం అలంకారం కాదు. మంచు కురిసే ఉదయం వేళ ఇంట్లో కాఫీ తాగుతూనే ఫోనులో ఒక మీట నొక్కితే కారు లోపలి గాలి వెచ్చబడుతుంది. అప్పటికి కారు ఇంకా గోడప్లగ్గుకే కలిసి ఉంటుంది. కనుక ఆ వేడికి కావలసిన విద్యుత్తులో అధికభాగం ఇంటినుండే వస్తుంది, బ్యాటరీ ప్రయాణం కోసం నిలిచి ఉంటుంది. చలిలో బ్యాటరీ సత్తా ఎలాగూ తగ్గుతుంది. దానినే వేడికి కూడా వాడుకుంటే వెళ్ళగల దూరం మరింత కుంచించుకుపోతుంది. ఛార్జింగు ఎంతవరకు వచ్చింది, తలుపులకు తాళం పడిందా, రాత్రి ఎవరైనా ప్లగ్గు ఊడదీశారా అన్న వివరాలు కూడా ఫోనులో కనిపించేవి. ఇవన్నీ ఆగిపోయినా ఇంజను, బ్యాటరీ, ప్లగ్గు యథాతథంగా పనిచేస్తాయి. ఛార్జింగు వేళను కారులో కూర్చుని నిర్ణయించుకోవచ్చు. అయితే ఆ కూర్చోవడం కోసం మంచులో నడచి వెళ్ళాలి.

ఇంతవరకు ఇది సౌకర్యానికి సంబంధించిన మాట. అనేక కార్లలో ఇదే రేడియో పరికరం మరొక పని కూడా చేసేది. ప్రమాదం జరిగి గాలిసంచులు విచ్చుకున్నప్పుడు అది తనంతట తానే సహాయకేంద్రానికి కబురు పంపేది. ప్రయాణికుడు స్పృహలో లేకపోయినా కారు ఉన్న చోటు అవతలివారికి తెలిసేది. కబురు అందకపోవడం ఎంత ప్రమాదమో దివిసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు రోడ్లతోపాటు తంతి మార్గాలు కూడా తెగిపోయాయి. వేలాదిమందిని బలిగొన్న ఆ విపత్తు తీవ్రత బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. అక్కడ తీగలను తెంచింది ప్రకృతి. ఇక్కడ మార్గాన్ని మూసినది ముందుగా ప్రకటించిన ఒక నిర్ణయం.

ఫోనునుండి కారుకు మాట ఏ విధంగా చేరుతుందో చూద్దాం. మనం మీట నొక్కగానే ఆ ఆజ్ఞ నేరుగా కారుకు వెళ్ళదు. మొదట కార్ల సంస్థవారి సర్వరుకు వెళుతుంది. అక్కడినుండి సెల్‌ఫోన్ సంస్థకు, ఆ సంస్థ టవరునుండి కారులోని మోడెంకు చేరుతుంది. కృష్ణా తూర్పు డెల్టాలో నీరు ప్రకాశం బ్యారేజీ నుండి ప్రధాన కాలువకు, అక్కడినుండి చిన్నకాలువకు, ఆపై పంటబోదెకు రావడం వంటిదే ఇది. ఏ ఒక్కచోట తలుపు దించినా శివారు భూములు ఎండుతాయి. కారు యజమాని శివారు రైతు. తన చేతిలో ఉన్నది ఆఖరి బోదె మాత్రమే.

సెల్‌ఫోన్ సంస్థలు పాత వ్యవస్థలను ఎందుకు మూసివేస్తాయన్న ప్రశ్నకు సమాధానం సులభం. మాటలను మోసే రేడియో తరంగాల పౌనఃపున్యాలు పరిమితమైనవి. ఏ పౌనఃపున్యాన్ని ఏ సంస్థ వాడుకోవాలో ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. తమ వాటాకు వచ్చిన మేరలోనే సంస్థలు సర్దుకోవాలి. మూడవ తరానికి కేటాయించిన భాగాన్ని నాలుగు, ఐదవ తరాలకు మళ్ళిస్తే అంతే మేరలో ఎన్నో రెట్ల సమాచారం పారుతుంది. పాత పరికరాలను రెండింటినీ పోషించే ఖర్చు కూడా తగ్గుతుంది. కాబట్టి ఆ సంస్థలను పూర్తిగా తప్పుపట్టలేము. డెల్టాలోనూ ఇటువంటి మార్పు జరిగినదే. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత ఇక్కడి కాలువలు సేద్యానికే కాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడ్డాయి. ఎత్తుపల్లాలు దాటడానికి లాకులు కట్టారు. 1908లో బందరుకు రైలు వచ్చింది, ఆ తరువాత లారీలు వచ్చాయి. క్రమంగా పడవ ప్రయాణం అంతరించింది. ఆనాడు గట్టుకు చేర్చిన పడవలలో ఎన్నో గట్టి టేకుతో చేసినవే అయి ఉంటాయి!

అమెరికాలో ఈ మూసివేతలు ఒకసారితో ఆగలేదు. 2008 ఫిబ్రవరిలో అక్కడి మొదటి తరం అనలాగ్ వ్యవస్థను ఆపడానికి అనుమతి లభించింది. దానిపై ఆధారపడిన పాత కార్లలో అత్యవసర సేవ నిలిచిపోయింది. 2017 ఆరంభంలో ఏటీ అండ్ టీ సంస్థ రెండవ తరాన్ని ముగించింది. నిస్సాన్ లీఫ్ అనే విద్యుత్ కారు తొలి కొనుగోలుదారులకు అప్పుడు దెబ్బ తగిలింది. కొంత సొమ్ము చెల్లించి మూడవ తరం పరికరాన్ని అమర్చుకునే అవకాశాన్ని ఆ సంస్థ కల్పించింది. అలా అమర్చుకున్నవారి సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 2022 ఫిబ్రవరి 22న ఏటీ అండ్ టీ మూడవ తరాన్ని కూడా మూసివేసింది. అదే సంవత్సరం డిసెంబరు 31 నాటికి వెరైజన్ సంస్థ ఆ పని పూర్తిచేసింది. బ్రిటన్‌లో 2019 మే నెలకు ముందు తయారైన లీఫ్ కార్లకు 2024 ఏప్రిల్ 1 నుండి ఫోను అనువర్తనం పనిచేయడం మానివేసింది. ఆ కార్లలో కొన్నింటికి అప్పటికి అయిదేళ్ళయినా సరిగా నిండలేదు.

నాకు అభ్యంతరమనిపించేది ఇక్కడే. ఏటీ అండ్ టీ తన నిర్ణయాన్ని 2019లోనే, అంటే మూడేళ్ళ ముందుగానే ప్రకటించింది. రేడియో పరికరాన్ని సులభంగా తీసి మార్చగలిగేటట్లు కారును రూపొందించడం అసాధ్యమైన విద్య కాదు. కారు పదిహేనేళ్ళు మన్నుతుందని తయారీదారుకు తెలుసు. సెల్‌ఫోన్ సాంకేతికత పదేళ్ళకొకసారి తరం మారుతుందనీ తెలుసు. ఆయుష్షులో ఇంత తేడా ఉన్న రెండు వస్తువులను విడదీయరానంతగా ముడివేసి, నష్టాన్ని కొన్నవాడికి వదిలివేయడం న్యాయం కాదు.

మన దేశంలో ఇటువంటి అనుభవాలు లేకపోలేదు. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. అయితే టెలిగ్రాఫు యంత్రం ప్రభుత్వానిది, దానిని ఇంట్లో కొనిపెట్టుకున్నవారు లేరు. బాధపడినవారున్నారు కాని, వస్తువు కోల్పోయినవారు లేరు. సీడీఎంఏ ఫోన్ల కథ వేరు. 2003లో రూ.501 ముందుగా చెల్లించి ఆ ఫోన్లు తెచ్చుకున్న కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఆ వ్యవస్థ కనుమరుగయ్యాక అటువంటి ఫోన్లు పిల్లల ఆటవస్తువులయ్యాయి. 2019లో ఎయిర్‌టెల్ సంస్థ కోల్‌కతాతో ఆరంభించి మూడవ తరం సేవను తొలగించింది. అప్పటికి మన రోడ్లమీద అంతర్జాలంతో కలిసిన కార్లు బహు తక్కువ గనుక ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఇకముందు అలా ఉండదు. హ్యుందాయ్ వెన్యూ, ఎంజీ హెక్టర్ వంటి కార్లు సిమ్‌ను కడుపులో దాచుకుని 2019లోనే మార్కెట్టులోకి వచ్చాయి. మన చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను తొలుత పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆనాడు కొన్నవారి పత్రం మీద 2034 అని ఉంటుంది. ఆ సంవత్సరం వరకు కారులోని సిమ్‌కు బదులు పలికే టవరు ఉంటుందన్న హామీ అదే పత్రం మీద ఉండదు. అమ్మేవారు కొన్ని సంవత్సరాల సేవను ఉచితమంటారు. ఆ తరువాతి సంగతి అడిగేవారు తక్కువ, అడిగినా చెప్పగలిగేవారు ఇంకా తక్కువ.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' గురించి ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతోపాటు వాహనాలను కూడా అందులో చేర్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2020 నవంబరులో ప్రజలు మరింత సూటిగా ఓటు వేశారు. కారు గాలిలో పంపే సాంకేతిక సమాచారం యజమానికీ, అతడు మెచ్చిన మరమ్మతుదారుకూ అందాలని తీర్పిచ్చారు. ఈ హక్కులు మంచివే. అయితే విడిభాగం దొరికినంత మాత్రాన మూసిన టవరు తెరుచుకోదు. సేవ ఎంతకాలం నడుస్తుందో అమ్మేనాడే తెలియజేయాలన్న నియమం వీటికి తోడుకావాలి.

మళ్ళీ మన లస్కరుగారి దగ్గరికి వద్దాం. కొన్నాళ్ళ తరువాత ఆయన కుమారునితో మాట్లాడుతూ ఒక ప్రశ్న వేశారు.

"ఆపద వస్తే నొక్కే బొత్తాము ఒకటుందన్నావు కదరా. అది పనిచేయదని దానిమీద ఎక్కడైనా రాశారా?"

"లేదు నాన్నా. నొక్కితే దీపం వెలుగుతుంది, అంతే. అవతల ఎవరూ పలకరు."

"మేము తలుపు దించేముందు ఊళ్ళో దండోరా వేయించేవాళ్ళం. నువ్వయినా ఒక చీటీ అంటించు. తెలియనివాళ్ళు ఎక్కుతారు."

ఆ సాయంత్రమే కుమారుడు బొత్తాముపై ఒక కాగితం అంటించాడు. 'ఇది పనిచేయదు. 911కు ఫోను చేయండి' అని ఇంగ్లీషులో రాసి, దాని కింద తెలుగులో కూడా రాశాడు. ఆ వేసవిలో అతని తల్లి అక్కడికి వెళ్ళవలసి ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు

లస్కరు : కాలువలను, తూములను కనిపెట్టి ఉండే నీటిపారుదల శాఖ ఉద్యోగి
బోదె : పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ
శివారు : చివరి భాగం, ఊరి లేదా ఆయకట్టు పొలిమేర
లాకు : నీటిమట్టాన్ని హెచ్చించి, తగ్గించి పడవలను దాటించే కట్టడం
పౌనఃపున్యం : ఒక సెకనులో తరంగం పునరావృతమయ్యే సంఖ్య
దండోరా : డప్పు కొట్టి చేసే చాటింపు

అభ్యాసం

1. కారు యజమానిని రచయిత శివారు రైతుతో ఎందుకు పోల్చాడు? వివరించండి.
2. తంతి సేవ ముగియడానికీ, సీడీఎంఏ ఫోన్లు మూలపడడానికీ గల భేదం ఏమిటి?
3. పాత వ్యవస్థల మూసివేతలో సెల్‌ఫోన్ సంస్థల వాదాన్నీ, రచయిత అభ్యంతరాన్నీ మీ మాటలలో రాయండి.
4. మీ ఇంట్లో చెడిపోకుండానే పనికిరాకుండా పోయిన వస్తువును గురించి పెద్దలను అడిగి ఒక పుటకు మించకుండా రాయండి.