మల్బరీ రైతుల నీటి కుంటలలో పాచి – నివారణ పద్ధతులు



రాయచూరు జిల్లా కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్నా, కాలువ నీరు అందని గ్రామాలలో మల్బరీ తోటకు బోరు, నీటి కుంటలే ఆధారం. 2014లో ప్రారంభమైన కృషి భాగ్య పథకం క్రింద కృషి హొండలు తవ్వుకున్న రైతులు కూడా ఉన్నారు. ఎండ 40 డిగ్రీలు దాటే రోజులలో ఈ కుంటలలో పాచి పెరిగి, ఫిల్టరును, డ్రిప్ రంధ్రాలను మూసివేస్తుంది.

పట్టుపురుగు తన జీవితకాలంలో తినే ఆకులో 80 శాతానికి పైగా నాలుగవ జ్వరం దాటిన తర్వాతనే తింటుంది. ఆ ఆకు తయారయ్యే రోజులలో డ్రిప్ ఆగితే ఆకు ముదిరి గరుకవుతుంది, గూడు బరువు తగ్గుతుంది. కనుక పాచిని చిన్న విషయంగా భావించరాదు.

పాచి రకాన్ని గుర్తించుట

ఒక పొడవైన కర్రను నీటిలో ముంచి పైకి తీసి చూడండి.

1. కర్రకు దారాల వలె వేలాడితే అది దార పాచి. దీనిని చేతితోనే తీసివేయవచ్చు.

2. కర్రకు పచ్చరంగు పూసినట్లు అంటుకుంటే అది నీలి ఆకుపచ్చ పాచి కావచ్చు. ఇందులో కొన్ని రకాలు విషపూరితమైనవి. ఆ నీటిని పశువులకు, గొర్రెలకు త్రాపరాదు. ఆకు తడపడానికి, తట్టలు కడగడానికి వాడరాదు.

3. కర్రకు ఏమీ అంటక నీరంతా పచ్చగా ఉంటే అది సన్న పాచి. అనుమానం ఉన్నచో రెండవ రకంగానే భావించి జాగ్రత్త పడవలెను.

పాచికి ఆహారం ఎక్కడి నుండి వస్తుంది?

పాచి కూడా ఒక పంటే. దానికి నత్రజని, భాస్వరం, ఎండ కావలెను. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో సుమారు 10 కిలోల భాస్వరం ఉంటుంది. ఒక కిలో భాస్వరం సుమారు 500 కిలోల పచ్చి పాచిని పెంచగలదని అంచనా. అంటే తోటకు వేసిన ఎరువులో కొద్ది భాగం కుంటలో చేరినా చాలు. అందువలన ముందుగా ఈ క్రింది దారులు మూయవలెను.

* డ్రిప్ ద్వారా ఎరువు ఇచ్చే రైతులు నీటి గొట్టానికి తప్పక నాన్ రిటర్న్ వాల్వు బిగించుకోవలెను. లేనిచో కరెంటు పోయినప్పుడు ఎరువు నీరు వెనుకకు జారి కుంటలో కలిసే ప్రమాదం ఉంది.

* పురుగుల మలం, మిగిలిన ఆకు, చెత్తను కుంట గట్టుపై పోయరాదు. కుంటకు దూరంగా, పల్లపు వైపున గుంత తీసి కుళ్ళబెట్టవలెను. గ్రాసరీ సోకిన పురుగుల చెత్త నీటిలో కలిస్తే పాచితో పాటు రోగం కూడా తిరిగి షెడ్డుకు చేరగలదు.

* షెడ్డు కడిగిన నీరు, మిగిలిన బ్లీచింగ్ ద్రావణం కుంటలోకి పారనీయరాదు.

* వాన నీరు కుంటలోకి వచ్చే చోట పూడిక గుంత తీసి, దాని ముందు గడ్డి పట్టీ పెంచవలెను.

ఉన్న పాచిని తీయుట

దార పాచిని ఇద్దరు మనుషులు చెరొక గట్టున నిలిచి, వలను లేదా లావు తాడును నీటిపై లాగుతూ ఒక మూలకు చేర్చి తీయవలెను. తీసిన పాచిని గట్టుపై వదిలితే దాని సారం తిరిగి నీటిలోకే జారుతుంది. దానిని కంపోస్టు గుంతలో వేయవలెను. ప్లాస్టిక్ షీటు పరచిన కుంటలో ఇనుప పనిముట్లు వాడరాదు.

హెచ్చరిక: పాచి పట్టిన షీటు నూనె పూసినట్లు జారుతుంది. ఈత వచ్చిన వారు కూడా పైకి ఎక్కలేరు. ఒంటరిగా కుంటలో దిగరాదు. ముడులు వేసిన తాడును, గాలి నింపిన ట్యూబును ఎల్లప్పుడూ గట్టున కట్టి ఉంచవలెను. పిల్లలు రాకుండా కంచె వేయవలెను.

వేసవిలో నీరు తగ్గినప్పుడు అడుగు పూడిక తీసివేస్తే అందులో నిలిచిన భాస్వరం కూడా పోతుంది. చిన్న కుంటలకు షేడ్ నెట్ కప్పితే ఎండ తగ్గి పాచి పెరుగుదల మందగిస్తుంది.

మైలుతుత్తం వేయవచ్చునా?

వేయవద్దు. క్షారగుణం గల గట్టి నీటిలో మైలుతుత్తం సరిగా పనిచేయదు. చేపలు చనిపోతాయి. ఒక్కసారిగా చచ్చిన పాచి కుళ్ళి, తన సారాన్ని నీటికే వదలుతుంది, కొద్ది రోజులకు మళ్ళీ పాచి పెరుగుతుంది. విషపు రకమైతే దానిలోని విషం కూడా నీటిలో కలుస్తుంది. రాగి మాత్రం పూడికలో నిలుస్తుంది. ఆ పూడికనే మనం తోటకు తోలుకుంటాము. ఇక కలుపు మందు వేసిన నీరు మల్బరీ మొక్కనే దెబ్బతీయగలదు, ఆకు ద్వారా పురుగుకూ హాని కలుగవచ్చు.

డ్రిప్ కాపాడుకొనుట

ఫుట్ వాల్వును ఖాళీ డబ్బాకు కట్టి, నీటి మట్టానికి సుమారు రెండు అడుగుల లోతున వేలాడదీయవలెను. పైన తేలే పాచి, అడుగున ఉండే బురద రెండూ రావు. కుంట నీటికి జాలి ఫిల్టరు ఒక్కటే చాలదు. దానికి ముందు ఇసుక ఫిల్టరు ఉండవలెను. ఫిల్టరుకు ముందు, తర్వాత ఉన్న గేజీల మధ్య తేడా పెరిగినప్పుడు నీటిని వెనుకకు పంపి కడగవలెను. వారానికి ఒకసారి గొట్టాల చివరి మూతలు తీసి, తేట నీరు వచ్చే వరకు వదలవలెను.

చాకీ పురుగులు ఇంటికి తెచ్చుకొనే రోజుకు ముందే కుంటను, ఫిల్టరును ఒకసారి పరీక్షించుకోండి. అప్పుడు చివరి దశకు కావలసిన ఆకు విషయంలో ఇబ్బంది ఉండదు. మరిన్ని వివరాలకు మీ సమీప పట్టుపరిశ్రమ శాఖ సాంకేతిక సేవా కేంద్రాన్ని సంప్రదించగలరు.