తెల్లని జుట్టు – చులకన మాటలు

కుటుంబ వాట్సాప్ గ్రూపులో దాదా ప్రతి శుక్రవారం ఉదయం 'జుమా ముబారక్' బొమ్మ పంపుతారు. ఒక్కోసారి అదే బొమ్మ మూడుసార్లు వస్తుంది. మనవలు తమకంటూ మరో గ్రూపు పెట్టుకుని, ఆయన ఫోటోతో స్టిక్కరు చేసి నవ్వుకుంటారు. "సఠియా గయే" అని ఒకడు, "బూమర్ అంకుల్" అని మరొకడు. మొదటి మాట అరవై అనే అంకె నుంచి పుట్టింది. అరవై దాటితే మతి చెడినట్లేనని దాని భావం. రెండవది అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన తరానికి పెట్టిన పేరు. 2019లో ఇంటర్నెట్ నిండా ఎగతాళిగా వ్యాపించింది. 2020 మార్చిలో, కరోనా వృద్ధులను ఎక్కువగా బలిగొంటున్న రోజుల్లో, ఆ తరాన్ని తుడిచిపెట్టే జబ్బు అంటూ ట్విట్టర్‌లో దానికొక సరదా పేరు కూడా పెట్టారు. నవ్వుతో మొదలైనది ఎక్కడికి చేరిందో చూడండి.

"మేము మా దాదాను అనలేదు, ఆ తరాన్ని అన్నాం" అని కొందరు యువకులు వాదిస్తారు. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 11వ ఆయత్ నిషేధించింది సరిగ్గా దీన్నే. ఒక వర్గం మరో వర్గాన్ని పరిహసించరాదు, వారే వీరికంటే మేలైనవారు కావచ్చునని హెచ్చరించింది. స్త్రీలను విడిగా పేర్కొని మరీ చెప్పింది. 'ఆంటీ' అనే మాటను తిట్టుగా వాడే అమ్మాయిలు ఇక్కడ కాస్త ఆగాలి. చెడ్డపేర్లు తగిలించడాన్నీ అదే ఆయత్ వారించింది.

"స్టిక్కరే కదా!" అనేవారూ ఉన్నారు. ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనాన్ని సూచిస్తూ ఒక్క మాట అన్నారు. ఆ మాటను సముద్రంలో కలిపితే నీళ్లే మారిపోతాయని దైవప్రవక్త (స) మందలించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది.

మక్కా విజయం నాటి (హి.శ. 8, క్రీ.శ. 630) ఘట్టం చూడండి. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకొచ్చారు. ఆయన చూపు పోయినవారు, తల పండి తెల్లబడినవారు, అప్పటికింకా ఇస్లాం స్వీకరించనివారు. ఈ వృద్ధుణ్ణి ఇంట్లోనే ఉంచితే నేనే ఆయన వద్దకు వచ్చేవాణ్ణి కదా అన్నారు దైవప్రవక్త (స). మక్కా అంతా చేతికొచ్చిన రోజున అన్న మాట ఇది!

పెద్దలు నిజానిజాలు చూడకుండా ఏదైనా ఫార్వర్డ్ చేస్తే చెప్పకూడదా? తప్పక చెప్పాలి. వార్తను నిర్ధారించుకోమన్నది కూడా హుజురాత్ సూరానే. అయితే పక్కన కూర్చుని, "అబ్బా, ఇది నిజం కాదట" అని చెప్పడం వేరు, నలుగురి ముందు నవ్వులపాలు చేయడం వేరు.

ఇంతవరకూ ఇలా చేసినవారి సంగతేమిటి? పరోక్షనింద దాసుల హక్కులకు సంబంధించిన పాపం. బాధితుణ్ణి క్షమాపణ అడగాలి. కానీ ఆ స్టిక్కరు సంగతి దాదాకు అసలు తెలియకపోతే, చెప్పి ఆయన మనసు నొప్పించనక్కరలేదని చాలామంది పండితులు అన్నారు. దాన్ని తొలగించి, తౌబా చేసి, ఆయన కోసం దుఆ చేసి, ఎక్కడ ఆయనను కించపరిచారో అక్కడే ఆయన మంచిని నాలుగు మాటల్లో రాయాలి. అంటే, ఆ మనవల గ్రూపులోనే.