రాతినేలలకు పూత: ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు

మన పల్లెలలో అలికిన మట్టినేలయు, కరక్కాయనీరు బెల్లపునీరు పోసి నూరిన సున్నపు గచ్చును ఉండినచోట నేడు నాపరాళ్లు, గ్రానైటు, ఎర్రమట్టి టైళ్లు పరచుచున్నారు. ధాన్యపు గదులకును, సంఘపు గిడ్డంగులకును ఇవియే వచ్చినవి. ఇంత సొమ్ము పోసి పరచిన నేల చెడకుండ దానిపై పూత పూయింపవలెనా యని సభ్యులు పలువురు నన్నడుగుచున్నారు. పూయింపవచ్చును. కాని సమయమెరుగక పూయించుటకంటె పూయింపకుండుటయే మేలు.

ఈ సంగతి నాకు నా యింటి వసారాయే నేర్పినది. క్రొత్తగా నాపరాళ్లు పరపించి, శ్రావణమాసములో, కాలువలు నిండుగా పారుచుండగా, అంగడివాని మాట నమ్మి నిగనిగలాడు వార్నీషు రెండు పూతలు వేయించితిని. చూడవచ్చినవారెల్ల మెచ్చుకొనిరి. దసరానాటికి రాళ్ల అంచులవెంట తెల్లని మచ్చలు తేలినవి. సంక్రాంతినాటికి పూత పొక్కులెత్తి, దానితోపాటు రాతిపైపొర గోటితో గీకిన రాలిపోవుచుండెను. పూయించుటకైన దానికంటె గీకించుటకే నాకు ఎక్కువ వ్యయమైనది.

కారణము నేలక్రింద నున్నది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొదలు మన డెల్టా భూములకు కాలువనీరు పుష్కలముగ లభించుచున్నది. కాలువలు పారుచు, చేలు నీటితో నిండియున్న నెలలలో భూగర్భజలము పైకి వచ్చును. దీపపు వత్తి నూనెను లాగినట్లు మెత్తని బంకమట్టి ఆ నీటిని పైకి లాగును. ఆ నీటిలో లవణములు కరిగియుండును; సముద్రమునకు చేరువనున్న కోనసీమ, నరసాపురపు గ్రామములలో ఇవి మరింత హెచ్చు. నీరు నేలపైకి వచ్చి ఆరిపోవును, ఉప్పు మిగులును. గోడల అడుగున మనము చూచు చవుడు ఇదియే. నేల తెరచియున్నంతకాలము ఆ ఉప్పు రాతిపై తేలును, చీపురుతో ఊడ్చివేయవచ్చును. పైన గట్టి పూత వేసి దారి మూసినచో, ఉప్పు రాతిలోపలనే గడ్డకట్టి, పెరిగి, పైపొరను పగులగొట్టును.

“పేడతో అలికిన నేలకు ఈ బాధ లేదు గదా, అయ్యా!” అని ఒక వృద్ధ సభ్యుడు నాతో ననెను. నిజమే. మట్టినేలలో చెమ్మకు అడ్డులేదు. వచ్చినది వచ్చినట్లే ఆరిపోవును.

కావున మొదటి రక్షణ పైపూత కాదు, అడుగుపని. క్రొత్తగా పరచువారు మట్టిపై ముతక కంకర ఆరంగుళములు పోయించి, దానిపై చిరుగులులేని దళసరి పాలిథీన్ పట్టా పరపించి, ఆమీద కాంక్రీటు వేసి రాళ్లు కూర్పింపవలెను. కంకర సందులు పెద్దవి గనుక నీరు వాటిగుండ ఎగబ్రాకలేదు. సముద్రపు ఇసుకను, ఉప్పునీటిని ఈ పనిలో వాడరాదు.

ఇదివరకే పరచిన నేలయైనచో పరీక్ష చేయవలెను. రెండడుగుల చదరపు ప్లాస్టిక్ పట్టాను నేలపై పరచి, నాలుగంచులను గాలిదూరకుండ అంటించి, రెండు మూడు దినములుంచి తీయుడు. అడుగున నీటిబొట్లు పట్టినను, రాయి నల్లబడినను, ఆ నేలకు పూత వలదు. వేసవిలో కాలువలు కట్టివేసిన కొన్ని వారములకు మరల చూడుడు. అప్పుడును చెమ్మ తగ్గనిచో పూతమాట మానుకొనుటయే మంచిది.

ఇక రాతి గుణము. కడప, బేతంచెర్ల ప్రాంతములనుండి వచ్చు నాపరాయి సున్నపురాయి. పులుపు దానికి విషము. మూలనున్న ముక్కపై నిమ్మరసపు చుక్క వేసిన నురుగు వచ్చును, ఆ చోట మెరుపు పోవును. ఇత్తడి పాత్రలను చింతపండుతో తోమునప్పుడు పడిన మరకలిట్టివే. అవి మురికి కావు, రాయి తినబడిన గుర్తులు. నేల కడుగుటకు ఆసిడ్ పోయు పనివారిని గుమ్మములోనే ఆపవలెను. ఏ పూతయు నాపరాతిని పులుపునుండి పూర్తిగా కాపాడలేదు; నూనె, పసుపు, టీ మరకలు లోనికి దిగకుండ మాత్రము కొంత కాపాడును. మెరుగుబెట్టిన గ్రానైటు చాలవరకు నీటిని పీల్చదు. నిగనిగలాడు పింగాణీ టైళ్లకు పూత దండుగ. వాటి మధ్యనుండు సిమెంటు సందులకే రక్షణ కావలెను.

పూత అవసరమో కాదో చెప్పుటకు నాలుగు నీటిచుక్కలు చాలును. కొద్ది నిమిషములలో రాయి నల్లబడినచో అది పీల్చుచున్నది. చుక్క చుక్కగనే నిలిచినచో సొమ్ము మిగిలినది. కొనునప్పుడు పైన పొరకట్టు వార్నీషు జాతిని విడిచి, రాతి రంధ్రములలోనికి ఇంకి ఆవిరిని వెడలనిచ్చు జాతిని కోరవలెను. సిలేను, సిలాక్సేను అను పదార్థములతో చేసినవి ఇటుకకు, ఇసుకరాతికి, కాల్చిన మట్టిటైళ్లకు బాగుగ పట్టును. సున్నపురాతికి అంతగా పట్టవు. కావున నాపరాతికి తగునని డబ్బాపై వ్రాసియున్నదానినే తీసికొనవలెను.

నేలను ఘాటులేని సబ్బునీటితో కడిగి, మంచినీటితో తుడిచి, కొన్ని దినములు పూర్తిగా ఆరనిచ్చి, కిటికీలు తెరచి పలుచగా పూయవలెను. ఇంకక మిగిలినదానిని డబ్బాపై చెప్పిన వ్యవధిలో తుడిచివేయవలెను. లేనిచో జిడ్డుపొర కట్టును. మట్టిటైళ్లకు అవిసెనూనె పూయువారు ఒక్క జాగ్రత్త మరువరాదు. ఆ నూనెగుడ్డలను ముద్దగా చుట్టి మూలను పడవైచినచో తమంత తామే వేడెక్కి రగులుకొనును. గోనెసంచులున్న గిడ్డంగిలో ఇది ఎంతటి ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. గుడ్డలను ఆరుబయట విప్పి పరచి ఆరబెట్టవలెను.

గిడ్డంగి నేలకు పూత వేసితిమి గదా యని బస్తాలను నేలపైననే పేర్చుట తగదు. ధాన్యమును తేమ నూటికి పదునాల్గు పాళ్లకు మించకుండ ఆరబెట్టి తెచ్చినను, అడుగు వరుస నేలనంటియున్నచో చెమ్మ తగిలి బూజు పట్టును. చెక్క దిమ్మెలపైననే పేర్చి, గోడకును బస్తాలకును నడుమ మనిషి నడచునంత చోటు విడువవలెను. ఏటేట కాలువలు కట్టివేసిన తరువాత బస్తాలు ఖాళీయైనప్పుడు గుమ్మమువద్దను, కాటా పెట్టుచోటను నీటిచుక్క పరీక్ష చేయుడు. అడుగులు ఎక్కువ పడునది అచ్చటనే గనుక పూత మొదట అరుగునదియు అచ్చటనే. అంతమేరకు మరల పూసిన చాలును, నేలయంతటికి పూయనక్కరలేదు.