బి.ఏ.ఎం.ఎస్. అయ్యాక ఏం చేద్దాం?

తమ్ముళ్ళూ, ఆయుర్వేద డిగ్రీ అంటే నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అది ముగిసేసరికి ఇంట్లో "సంపాదన ఎప్పుడురా?" అని మొదలవుతుంది. క్లినిక్ పెడదామంటే అడ్వాన్సుకే డబ్బులుండవు. అందుకే మేమూ బాలానగర్ వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీకి చేరాం. అక్కడ మాచేత అల్లోపతి ఇంజెక్షన్లు రాయించేవారు. రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే తప్ప ఆయుర్వేద వైద్యులు ఆ మందులు రాయరాదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. కేసయితే సంతకం మనది! రెండు వారాలకే మానేశాం.

తర్వాత ఏ.ఐ.ఏ.పి.జి.ఇ.టి. రాశాం. పి.జి. మూడేళ్ళు, ప్రభుత్వ కళాశాలలో స్టైపెండ్ వస్తుంది. మనకు దగ్గర్లో ఎర్రగడ్డలోనే డా. బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. శల్య, శాలాక్య పి.జి.లకు 58 రకాల శస్త్రచికిత్సలను అనుమతిస్తూ 2020లో నోటిఫికేషన్ వచ్చింది.

ఐ.డి.పి.ఎల్. వల్ల మన బాలానగర్‌కు మందుల తయారీ కొత్త కాదు. ఆయుర్వేద మందుల కంపెనీలోనూ అర్హత గల పూర్తికాలపు సాంకేతిక ఉద్యోగి ఉండి తీరాలి. మన డిగ్రీ అందుకు చాలు. హైటెక్ సిటీలో ఇన్సూరెన్స్ క్లెయిముల పని కూడా దొరుకుతుంది. జీతం నెలనెలా వస్తుంది గానీ, నాడి చూడటం మరిచిపోతాం. గ్రూప్స్‌కు ఎలాగూ ఏ డిగ్రీ అయినా సరే.

ఇంటర్న్‌షిప్ అవగానే బోర్డులో రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోండి. ఎంట్రన్స్ పుస్తకాలు మా దగ్గర ఉన్నాయి, ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి.