ప్రకృతి వ్యవసాయం, సామాజిక వ్యాపారం: ప్రపంచ లక్ష్యాలు మన పొలం గట్టు దాకా ఎలా వస్తాయి?



ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు ఎక్కడ కలిసినా మాట చివరికి ఒక దగ్గరికే వస్తుంది: "పండించడం వచ్చిందండీ, అమ్మడమే రావట్లేదు." ఘనజీవామృతం చేయడం, ద్రవజీవామృతం పారించడం, నీమాస్త్రం కొట్టడం నేర్పడానికి మనుషులున్నారు, వీడియోలున్నాయి. కానీ మూడేళ్లు మట్టిని బాగుచేసుకుని పండించిన పంటని యార్డుకి తీసుకెళ్లి, మందులు కొట్టిన పంటతో కలిపి అదే రేటుకి పోస్తే ఆ రైతు ఎన్నాళ్లు నిలబడతాడు? ఇవాళ్టి పాఠం దీని గురించే. వీడియోలో లెక్కలు వినేసి గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. తీరిగ్గా చదువుకోండి.

ముందు ఆ 17 లక్ష్యాల సంగతి

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలోని 193 దేశాలు కలిసి 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పెట్టుకున్నాయి. వీటినే ఎస్‌డీజీలు అంటారు. 2030 లోపు సాధించాలన్నది గడువు. 17 లక్ష్యాల కింద 169 చిన్న లక్ష్యాలున్నాయి. అన్నీ మనకి అక్కర్లేదు. మన పొలానికి నేరుగా తగిలేవి కొన్ని చెబుతాను.

2.3: చిన్న రైతుల ఉత్పాదకత, ఆదాయం రెట్టింపు కావాలి.
2.4: నేలని బాగుచేస్తూ, కరువుకీ వరదకీ తట్టుకునే సాగు పద్ధతులు రావాలి.
5.5: నిర్ణయాలు తీసుకునే చోట ఆడవాళ్లకి సమాన అవకాశం ఉండాలి.
6.3: నీటిలో కలిసే రసాయనాలు తగ్గాలి.
15.3: పాడైపోయిన నేల తిరిగి బాగుపడాలి.

ప్రకృతి వ్యవసాయం చేసే రైతు 2.4, 6.3, 15.3 లక్ష్యాల పని రోజూ చేస్తూనే ఉన్నాడు. నవధాన్యాలు చల్లి ఏడాది పొడవునా నేలని పచ్చగా ఉంచడం, మందు డబ్బా మానేయడం ఆ పనే కదా. కానీ 2.3 దగ్గర, అంటే ఆదాయం దగ్గర, బండి ఆగిపోతుంది. ఆదాయం రాకపోతే మిగతా మూడూ కూడా నిలబడవు. ఇల్లు గడవని రైతు తిరిగి యూరియా బస్తా దగ్గరికే వెళ్తాడు. అందులో అతని తప్పు లేదు.

ఈ ఆదాయం దగ్గరే సామాజిక వ్యాపారం అవసరం పడుతుంది.

సామాజిక వ్యాపారం అంటే ఏంటి?

దీన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటున్నారు. దానధర్మం నడవాలంటే ఇచ్చేవాళ్లు ఉండాలి. ప్రాజెక్టు నిధులు ఉన్నంతకాలమే నడుస్తుంది. మామూలు వ్యాపారం లాభం కోసం నడుస్తుంది, ఆ లాభం యజమానికి పోతుంది. సామాజిక వ్యాపారం కూడా సరుకు కొని, అమ్మి, తన ఖర్చు తానే సంపాదించుకుంటుంది. తేడా ఏంటంటే అది పుట్టిందే ఒక సమస్య తీర్చడానికి. మిగిలిన డబ్బు మళ్లీ ఆ సమస్య మీదే ఖర్చవ్వాలి.

చెప్పడం తేలికే. చేసి చూపించినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నారు.

ఎడారిలో సెకెం

2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే మానవాళి పురస్కారం మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి వచ్చిందని మీలో చాలామందికి తెలుసు. మొత్తం 10 లక్షల యూరోల బహుమతి. అయితే అది మనకి ఒక్కరికే రాలేదు, ముగ్గురికి కలిపి ఇచ్చారు. ఒకరు నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్. ఇంకొకటి ఈజిప్టులోని సెకెం అనే సంస్థ. మనతో వేదిక పంచుకున్న ఆ సెకెం గురించి మన రైతులు తప్పకుండా తెలుసుకోవాలి.

ఇబ్రహీం అబూలైష్ అనే ఆయన ఆస్ట్రియాలో చదువుకుని, మందుల పరిశోధనలో పనిచేసి, 1977లో సొంత దేశానికి తిరిగొచ్చారు. కైరోకి ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో 70 హెక్టార్ల ఎడారి భూమి తీసుకున్నారు. అంటే దాదాపు 170 ఎకరాల ఇసుక. బావులు తవ్వారు, గాలికి అడ్డంగా చెట్లు పెంచారు, పశువుల్ని తెచ్చి పేడతో కంపోస్టు చేశారు. కంపోస్టుతో ఇసుకని మట్టి చేశారు. వాళ్లది బయోడైనమిక్ పద్ధతి. మన పద్ధతికీ దానికీ తేడాలున్నాయి కానీ పశువు, జీవమున్న మట్టి అనే మూలం ఒకటే.

ఇంతవరకు చేసినవాళ్లు చాలామంది ఉంటారు. సెకెం ఆ తర్వాత చేసిన పని చూడండి. పండించిన ఔషధ మొక్కల్ని పచ్చిసరుకుగా అమ్మేసి ఊరుకోలేదు. హెర్బల్ టీలు, మందులు, ఆహార పదార్థాలు, సేంద్రియ పత్తి బట్టలు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటిగా పెట్టారు. ఆ లాభంలో ఒక భాగంతో బడి, ఆసుపత్రి, వృత్తి శిక్షణ కేంద్రం నడిపారు. 2012లో హీలియోపోలిస్ విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలయ్యాయి. 2003లో సెకెంకి, అబూలైష్‌కి రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది.

సెకెం కథలో మన రైతులకి బాగా అర్థమయ్యే ఘట్టం ఒకటుంది. వాళ్లు ఒక్క చుక్క మందు కొట్టకపోయినా వాళ్ల మూలికల్లో పురుగుమందుల అవశేషాలు కనబడ్డాయి. కారణం, చుట్టుపక్కల పత్తి మీద విమానాలతో మందు చల్లడం. గట్టు పక్క చేలో కొట్టిన మందు మన చేలోకి రావడం మనకి తెలియని బాధ కాదు. వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. 1990ల మొదట్లో మందు లేకుండా పత్తి పండించి చూపించారు, లింగాకర్షక బుట్టలు వాడారు. దిగుబడి లెక్కలతో ప్రభుత్వాన్ని ఒప్పించారు. విమానాలతో చల్లడం ఆగింది, ఆ దేశంలో పత్తి మీద పురుగుమందుల వాడకం బాగా పడిపోయింది.

ఒక వ్యాపార సంస్థకి ఇంత పని ఎలా సాధ్యమైంది? వాళ్ల దగ్గర సొంత ఆదాయం ఉంది, చూపించడానికి సొంత పొలం ఉంది, కొనే మార్కెట్టు ఉంది. ఎవరి నిధులు ఎప్పుడు ఆగిపోతాయోనన్న భయం అంతగా లేదు. ప్రపంచ లక్ష్యాలకి సామాజిక వ్యాపారం ఇచ్చే అసలు బలం ఇదే. ప్రాజెక్టు ముగిసినా పని ముగియదు.

ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. సెకెం రైతుల సొంత సంస్థ కాదు. ఒక కుటుంబం మొదలుపెట్టి నడిపిస్తున్న కంపెనీల గుంపు. వాళ్లు మంచి మనసుతో నడిపారు కాబట్టి మంచి జరిగింది. మన దగ్గరికి వచ్చే ప్రతి కంపెనీకి ఆ మనసు ఉంటుందని చెప్పగలమా? అందుకే రెండో నమూనా కూడా చూడాలి.

మన అనంతపురం నేల మీద

1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు భూమిలో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. వాన తక్కువ, ఎటు చూసినా వేరుశనగే. అక్కడ ముందు బీడుని అడవిగా మార్చారు, ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు కట్టారు. తర్వాత సేంద్రియ సాగు వైపు వచ్చారు. 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం పెట్టారు. ధరణిలో సభ్యులు రైతులే. కొర్ర, సామ లాంటి చిరుధాన్యాలు, వేరుశనగ రైతుల దగ్గర కొని, శుభ్రం చేసి, ప్యాకెట్లు కట్టి టింబక్టు ఆర్గానిక్ పేరుతో అమ్ముతారు.

సెకెంకీ ధరణికీ తేడా గమనించండి. రెండూ మట్టిని బాగుచేశాయి, రెండూ పచ్చిసరుకు దగ్గర ఆగలేదు. కానీ ధరణిలో సరుకు పోసే రైతే సంస్థకి సొంతదారు కూడా.

క్వింటా కందుల లెక్క

సొంతదారు ఎవరనేది ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో చూద్దాం. ధరలు, ఖర్చులు లెక్క కోసం అనుకున్నవే, మీ ఊరి రేట్లు వేసుకోండి.

క్వింటా కందులు 7,000 రూపాయలకి అమ్మారు అనుకుందాం. పప్పు ఆడిస్తే సుమారు 70 కిలోలు వస్తుంది. కిలో 140 చొప్పున 9,800. తేడా 2,800. ఇదంతా లాభం అనుకోకండి. శుభ్రం చేయడం, మర పట్టించడం, సంచులు, రవాణా, దుకాణం కమీషన్, పురుగు పట్టి పోయేది, అన్నీ కలిపి 2,000 ఖర్చు వేసుకోండి. మిగిలేది 800.

ఈ పాఠమంతా ఆ 800 రూపాయల చుట్టూనే ఉంది. అది ఎవరి చేతికి వెళ్తుంది? ఎవరు నిర్ణయిస్తారు? మొత్తం యజమానికి పోతే అది మామూలు వ్యాపారం, ప్యాకెట్ మీద ఎన్ని రంగుల ఎస్‌డీజీ గుర్తులు వేసినా సరే. 500 రైతుకి బోనస్‌గా వచ్చి, 300 గోడౌన్‌కో వచ్చే ఏటి విత్తనానికో నిలవ ఉంటే, ఆ నిర్ణయం రైతుల సమావేశంలో జరిగితే, అప్పుడది సామాజిక వ్యాపారం. 2.3 లక్ష్యం నెరవేరేది కూడా అప్పుడే.

చట్టంలో దారి ఉంది

దీనికి కొత్త చట్టాలు అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లోనే పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. 2003 నుంచి కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకునే వీలుంది. పది మంది రైతులు చాలు. రైతులే సభ్యులైన కంపెనీలో ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. ఎవరు ఎంత సరుకు పోశారో ఆ నిష్పత్తిలో మిగులుని బోనస్‌గా పంచే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉంది. నమ్మకం కోసం పీజీఎస్ ధృవీకరణ ఉంది. కనీసం అయిదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు.

ఎవరైనా మీ ఊరొచ్చి "మాతో కలవండి" అంటే

కింది ప్రశ్నలు అడగండి. జవాబులు కాగితం మీద ఇమ్మనండి.

1. కొనే ధర ఎలా నిర్ణయిస్తారు? యార్డు రేటు మీద ఎంత ఎక్కువ ఇస్తారు? డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు?
2. ఏడాది చివర మిగులు ఎంతో రైతులకి చూపిస్తారా? అందులో రైతు వాటా ఎంత?
3. నిర్ణయాలు చేసే బోర్డులో రైతులు ఎందరు? అందులో ఆడవాళ్లు ఎందరు?
4. ఒక్క పంటే వేయమంటారా, పొలంలో ఉన్న అంతరపంటలు కూడా కొంటారా? ఒక్క పంటే అడిగితే మన నేలకి మళ్లీ పాత గతే.
5. పంట పోయిన ఏడాది పరిస్థితి ఏంటి?
6. నాకు నచ్చకపోతే బయటికి వచ్చే వీలుందా? విత్తనం నా దగ్గరే ఉంటుందా?

మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. కలుపు తీసేది, విత్తనం దాచేది, జీవామృతం కలిపేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. సంతకం పెట్టే చోట మాత్రం వాళ్లు కనబడరు. మన ప్రకృతి వ్యవసాయం ఊరూరా వెళ్లింది మహిళా పొదుపు సంఘాల మీదుగానే. అమ్మకం దగ్గర కూడా వాళ్లే ముందుండాలి.

ఈ సీజన్‌లో చేయగలిగిన పని

పెద్ద కంపెనీ గురించి ఆలోచించి భయపడకండి. మీ చుట్టుపక్కల ప్రకృతి వ్యవసాయం చేసే అయిదారు కుటుంబాలు కలవండి. ఒక్క పంట ఎంచుకోండి, కందిపప్పో, కొర్రబియ్యమో, పసుపో. ఒక్కొక్కరు ఒక క్వింటా మాత్రమే పక్కన పెట్టండి, మిగతాది ఎప్పటిలాగే అమ్ముకోండి. ఆ కాస్త సరుకుని కలిపి ఆడించి, దగ్గరి టౌనులో తెలిసిన ఇళ్లకి అమ్మండి. ప్రతి రూపాయి ఖర్చూ ఒక నోటుబుక్కులో రాయండి. పైన వేసిన లెక్కలో 2,000 చోట మీ అసలు ఖర్చు ఎంతో అప్పుడే తెలుస్తుంది. అది తెలిసిన గ్రూపుకి కంపెనీ పెట్టడం పెద్ద పని కాదు. తెలియకుండా రిజిస్టర్ చేయించుకున్న గ్రూపు ఆడిటర్ ఫీజు కట్టడానికే కష్టపడుతుంది.

2030 ఎంతో దూరం లేదు. మీ గ్రూపు లెక్క వేశాక మీ అసలు ఖర్చు ఎంత వచ్చిందో, ఎంత మిగిలిందో కింద రాయండి. ఒకరి లెక్క ఇంకొకరికి పాఠం అవుతుంది.